విశాఖ గాలిలో ఈ ఇనుము ఎక్కడిది?

బీచ్ దగ్గర పెరిగిన పిల్లలకు ఈ ఆట తెలిసే ఉంటుంది. పాత స్పీకర్‌లోంచి పీకిన మాగ్నెట్‌ని కాగితంలో చుట్టి, తడి ఆరిన ఇసుకలో ఈడిస్తే నల్లటి రజను గడ్డంలా మొలుస్తుంది. ఆర్కే బీచ్‌లో మేమూ సీసాల్లోకి పోగేసేవాళ్లం. ఒక వేసవిలో ఆ మాగ్నెట్‌ని వన్ టౌన్‌లో మా అమ్మమ్మ వాళ్ల డాబా మీదికి తీసుకెళ్లి, పిట్టగోడ మూలల్లో పేరుకున్న దుమ్ములో ఈడ్చాను. అక్కడా గడ్డం మొలిచింది.

ఆ డాబా మీదే అమ్మమ్మ వడియాలు పెట్టేది. పైన పాత నేతచీర ఒకటి పల్చగా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టేది. సాయంత్రం తీసేటప్పుడు చీర మీద చెయ్యి రాస్తే వేళ్లు నల్లబడేవి. కొన్ని రోజులు ఎక్కువ, కొన్ని రోజులు తక్కువ. ఎక్కువ పడిన రోజు ఆవిడ ఒకటే మాట అనేది: "ఇవాళ గాలి తిరిగింది."

గాలిలోని లోహాల గురించి చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైందేమిటంటే, శాస్త్రవేత్తలు చేసేదీ దాదాపు అదే పని. గాలిని ఒక వడపోత కాగితం గుండా లాగుతారు, దాని మీద పడ్డదాన్ని తూస్తారు, అందులో ఏ లోహం ఎంత ఉందో కొలుస్తారు, ఆ రోజు గాలి ఎటు నుంచి వీచిందో చూస్తారు. అక్కడి నుంచే అసలు చిక్కు మొదలవుతుంది. బీచ్‌లో అంటుకున్నదీ ఇనుమే, డాబా మీద అంటుకున్నదీ ఇనుమే. ఇది సముద్రం ఒడ్డున ఇసుకదా, కొండ మట్టిదా, పోర్టులో ఖనిజానిదా, కొలిమిదా, లారీ బ్రేకులదా? ఇనుము మీద ఊరూ పేరూ రాసి ఉండవు.

తీర నగరాల్లో ఈ చిక్కు ఎక్కువ. విశాఖలో మరీ ఎక్కువ. ఇక్కడ ప్రకృతీ, పరిశ్రమా ఒకే లోహాలతో పని చేస్తాయి.

లెక్కకు ముందు కాస్త కొలతలు

గాలిలో తేలే ధూళిని సైజుని బట్టి రెండుగా చూస్తారు. పది మైక్రాన్ల లోపుది పీఎం 10. రెండున్నర మైక్రాన్ల లోపుది పీఎం 2.5. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రుద్దుకుని, నలిగి, ఎగిరి పుట్టిన ధూళి సాధారణంగా ముతకగా ఉంటుంది: మట్టి, ఖనిజం పొడి, బొగ్గు పొడి, టైరు అరుగుదల. మండి, ఆవిరై, చల్లారి గడ్డకట్టిన ధూళి సన్నగా ఉంటుంది: పొయ్యి, కొలిమి, ఇంజిన్, పొగగొట్టం నుంచి వచ్చేది. ముతకది చాలావరకు ముక్కులోనూ గొంతులోనూ ఆగిపోతుంది. సన్నది ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళుతుంది.

ఈ ధూళిలో లోహాల వాటా బరువులో చిన్నది. ఇనుము, అల్యూమినియం మైక్రోగ్రాముల్లో ఉంటాయి. సీసం, నికెల్, వెనేడియం, ఆర్సెనిక్, కాడ్మియం లాంటివి నానోగ్రాముల్లో ఉంటాయి. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఇంత కొద్దిగా ఉంటాయి కాబట్టే వీటిని ట్రేస్ మెటల్స్ అంటారు. కొద్దిగా ఉన్నాయని వదిలేయడానికి లేదు. మన దేశం 2009లో తెచ్చిన గాలి ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటు పీఎం 10 అరవై మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. ఆర్సెనిక్ మాత్రం 6 నానోగ్రాములు దాటకూడదు. నికెల్ 20 నానోగ్రాములు దాటకూడదు. అంటే మొత్తం దుమ్ముకు ఇచ్చిన హద్దులో ఆర్సెనిక్ హద్దు పదివేలో వంతు. తూకం ఒకటే చూస్తే అది కనిపించనే కనిపించదు.

సముద్రం తప్పేమీ లేదు

తీరంలో లోహాలనగానే కొందరు సముద్రపు తుంపర వైపు చూస్తారు. అలలు విరిగినప్పుడు నురగ బుడగలు పగిలి, సన్నటి ఉప్పు తుంపర గాలిలోకి లేస్తుంది. మన గేట్లనీ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లనీ తినేసేది అదే. అయితే ఆ తుంపరతో జింకు, సీసం కూడా వస్తాయా?

చిన్న లెక్క వేద్దాం. లీటరు సముద్రపు నీటిలో సోడియం సుమారు 10.8 గ్రాములు. ఘనపు మీటరు గాలిలో ఉప్పు తాలూకు సోడియం 5 మైక్రోగ్రాములు దొరికిందనుకుందాం. అంటే ఆ గాలిలోకి వచ్చిన సముద్రపు నీరు ఒక చుక్కలో వందో వంతు. ఆ నీరు మురికి హార్బర్ నీరేననీ, లీటరుకు 10 మైక్రోగ్రాముల జింకు ఉందనీ అనుకున్నా, గాలికి చేరే జింకు 0.005 నానోగ్రాము. నీటి పైపొరలో లోహం పేరుకుని, బుడగలు దాన్ని వంద రెట్లు ఎక్కువ మోసుకొచ్చాయని ఒప్పుకున్నా అర నానోగ్రాము. నగరాల గాలిలో జింకు పదుల్లో, వందల్లో నానోగ్రాములు ఉంటుంది. కాబట్టి ఈ లోహాల నేరం సముద్రం మీద వేయడం కుదరదు.

తుంపర చేసే పని వేరే ఉంది. పొగగొట్టాల నుంచి వచ్చే ఆమ్లాలు ఉప్పు రేణువుల్లోని క్లోరిన్‌ని బయటికి నెట్టి తామక్కడ కూర్చుంటాయి. ఆ రేణువులకు తడి ఎక్కువ, లోహాలు వాటికి అంటుకుని కరగడానికి ఆ తడి సాయపడుతుంది. ఇంకొకటి, ఉప్పు గాలి ఇనుప ఊచల్నీ, జింకు పూత పూసిన రేకుల్నీ తుప్పు పట్టించి పెచ్చులు లేపుతుంది. ఆ పెచ్చులు నలిగి దుమ్మవుతాయి. లోహం మనది, దాన్ని పొడి చేయడంలో మాత్రం సముద్రం చెయ్యి ఉంది.

మట్టి ఎంత, మనిషి ఎంత

ఇప్పుడు నేల సంగతి. దుమ్ములో దొరికిన లోహం మట్టి నుంచి సహజంగా వచ్చిందా, మనిషి పనుల వల్ల వచ్చిందా తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. అల్యూమినియాన్ని సాక్షిగా పెట్టుకుంటారు. భూమి పైపెంకులో అది ఎనిమిది శాతం దాకా ఉంటుంది, పరిశ్రమల పొగలో అంత ఎక్కువగా రాదు. కాబట్టి కాగితం మీద అల్యూమినియం ఎంత ఉందో చూస్తే మట్టి ఎంత ఎగిరొచ్చిందో తెలుస్తుంది.

టన్ను సగటు మట్టిలో అల్యూమినియం 80 కిలోలు, సీసం సుమారు 16 గ్రాములు. అంటే ఐదు వేల పాళ్ల అల్యూమినియానికి ఒక పాలు సీసం. ఉదాహరణకు మన కాగితం మీద అల్యూమినియం 1,000 నానోగ్రాములు దొరికితే, మట్టి నుంచి రావలసిన సీసం 0.2 నానోగ్రాము. కాని అక్కడ 40 నానోగ్రాములు దొరికిందనుకోండి. రావలసిన దానికి రెండొందల రెట్లు. దీన్ని ఎన్‌రిచ్‌మెంట్ ఫ్యాక్టర్ అంటారు. అది పది లోపు ఉంటే మట్టిదే అనుకుంటారు, వందలు దాటితే మనిషి పనే అని గట్టిగా చెబుతారు. సీసం, కాడ్మియం, జింకు, ఆర్సెనిక్ లాంటి వాటి విషయంలో ఈ లెక్క చక్కగా పనిచేస్తుంది.

ఇనుము దగ్గరే ఈ లెక్క మోసం చేస్తుంది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. మట్టిలో ఇనుము సుమారు ఐదు శాతం. కాగితం మీద 1,000 నానోగ్రాముల అల్యూమినియం ఉంటే, మట్టి ఇనుము 600 దాకా ఉండాలి. అక్కడ 1,800 దొరికిందనుకుందాం. ఎన్‌రిచ్‌మెంట్ ఫ్యాక్టర్ మూడు. పదికి చాలా తక్కువ. "సహజం" అని రాసి ఫైలు మూసేయొచ్చు. అయితే ఆ 1,800లో 1,200 నానోగ్రాములు, అంటే మూడింట రెండొంతులు, మట్టిది కానే కాదు. మట్టిలో కొద్దిగా ఉన్న లోహానికి ఈ లెక్క పదునైన కత్తి. మట్టిలోనే బోలెడంత ఉన్న లోహానికి అది మొండి కత్తి. ఇనుమూ మాంగనీసూ ఎగుమతి చేసే ఊళ్లో అదే మొండి కత్తితో కోస్తే ఏం తెగుతుంది?

పైగా "సగటు మట్టి" అన్నది విశాఖలో లేదు. మన తూర్పు కనుమల రాయి ఖొండలైటు, చార్నొకైటు. ఖొండలైటు శిథిలమైతే ఇనుపఛాయ ఉన్న ఎర్రమట్టి వస్తుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్, రూటైలు, జిర్కాను, మోనజైటు లాంటి బరువు ఖనిజాలున్నాయి. అందుకే వేరేచోట మట్టికి గుర్తుగా వాడే టైటానియం ఇక్కడ ఇసుక వల్లే పెరగొచ్చు. ఇక మాంగనీసు. విజయనగరం జిల్లా కోడూరు పేరు మీదే ప్రపంచ భూగర్భశాస్త్రంలో కోడూరైట్ అనే మాంగనీసు రాయి ఉంది. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల చరిత్ర వందేళ్లు దాటింది. ఇలాంటి చోట ప్రపంచ సగటు మట్టితో పోల్చి "మాంగనీసు ఎక్కువుంది, ఫ్యాక్టరీదే" అన్నా తప్పే. "మాంగనీసు మన మట్టిలోనే ఉంది, ఎవరిదీ కాదు" అన్నా తప్పే. మన మట్టిని మనం కొలుచుకుని, దానితోనే పోల్చాలి.

మాంగనీసు విషయంలో ఇంకొక ముడి ఉంది. విశాఖ పోర్టు 1933లో తెరవడానికి ముఖ్య కారణమే బ్రిటిష్ కాలపు మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజం. తర్వాత 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేసి ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఇక్కడికి తెచ్చి జపానుకు పంపడం మొదలైంది. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. అంటే తొంభై ఏళ్లుగా గుట్టలు పోసి, ఎత్తి, దించిన ఖనిజం ఈ నేలలో కలుస్తూనే ఉంది. ఇవాళ రోడ్డు పక్కన చారెడు మట్టి తీసుకుని "ఇది ఇక్కడి సహజమైన మట్టి" అని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. పోల్చడానికి పట్నానికి దూరంగా, లోతు నుంచి తీసిన మట్టి కావాలి.

మాగ్నెట్ నాకు చెప్పని సంగతి

డాబా మీద అంటుకున్న రజను చూసి, చిన్నప్పుడు నేను ఇనుప ఖనిజం అనే అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది: బైలదిల్లా ఖనిజం ప్రధానంగా హెమటైటు. దానికి మామూలు మాగ్నెట్ సరిగ్గా అంటదు. అంటుకునేది మాగ్నటైటు. అది బీచ్ ఇసుకలో ఉంటుంది, ఉక్కు కొలిమి పొగలో ఉంటుంది, బొగ్గు మండిన బూడిదలో ఉంటుంది, బ్రేకు పళ్లాలు అరిగిన పొడిలో, రైలు చక్రాల కింద రాలిన పొడిలో ఉంటుంది. అందరం ముందు అనుమానించే వస్తువునే నా మాగ్నెట్ వదిలేసిందన్నమాట. ఇక వేళ్లకు అంటిన నలుపు బొగ్గుదో, మసిదో. అందులో ఇనుము ఉండాల్సిన పని లేదు. కంటికి కనిపించే నల్ల దుమ్మూ, ఒంటికి చేసే చెడూ ఒకటి కావు.

మైక్రోస్కోపు కింద పెడితే కొంత తేడా దొరుకుతుంది. నలిగి వచ్చిన ఖనిజం, ఇసుక కోణాలు కోణాలుగా ఉంటాయి. కరిగి గాలిలో చల్లారిన ఇనుము గుండ్రటి పూసల్లా ఉంటుంది. పూసలు కనిపించాయంటే అవి ఏదో ఒక మంట లోంచి వచ్చినవే. ఆ మంట ఉక్కు ఫ్యాక్టరీదా, థర్మల్ ప్లాంటుదా అన్నది ఆకారం చెప్పదు. అది తెలియాలంటే ఇనుముతో పాటు ఇంకేం ప్రయాణించిందో చూడాలి.

తోడొచ్చిన లోహాలు

లోహం ఒంటరిగా రాదు. ఏ మూలం నుంచి వస్తే ఆ మూలం తాలూకు బంధువుల్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఈ శాస్త్రమంతా ఆ చుట్టరికం మీదే నడుస్తుంది.

బొగ్గు మండితే ఆర్సెనిక్, సెలీనియం తోడొస్తాయి. పరవాడలో 2002 నుంచి నడుస్తున్న సింహాద్రి లాంటి థర్మల్ ప్లాంట్లలో ముతక బూడిదని యంత్రాలు బాగానే పట్టేస్తాయి. అయితే కొలిమి వేడికి ఆవిరైన ఆర్సెనిక్, సెలీనియం చల్లారేటప్పుడు అన్నిటికన్నా సన్నటి రేణువుల మీద పేరుకుంటాయి. యంత్రాలకు చిక్కడం కష్టమయ్యేది కూడా ఆ రేణువులే. ఉక్కు తయారీలో ఇనుముతో మాంగనీసు, జింకు, సీసం కలిసొస్తాయి. రోడ్డు మీద బ్రేకుల నుంచి రాగి, యాంటిమొనీ, బేరియం వస్తాయి. టైర్ల నుంచి జింకు వస్తుంది. బేరియం ఒక్కటే చూసి బ్రేకులు అనుకోకూడదు. దీపావళి రాత్రి ఆకుపచ్చగా వెలిగేది బేరియమే, ఎర్రగా వెలిగేది స్ట్రాన్షియం. ఎరువుల ఫ్యాక్టరీలకు దిగే రాక్ ఫాస్ఫేట్‌లో కాడ్మియం ఉంటుంది. ఓడల పొట్టకు నాచు పట్టకుండా వేసే రంగుల్లో రాగి ఉంటుంది, ఆ పాత రంగు గీకేటప్పుడు అది పొడిగా లేస్తుంది.

వీటన్నిటిలో తీరానికే ప్రత్యేకమైనది వెనేడియం, నికెల్ జంట. ముడిచమురులోనే ఈ రెండూ ఉంటాయి. శుద్ధి చేసినప్పుడు పెట్రోలు, డీజిలు పైకి పోగా అడుగున మిగిలే చిక్కటి నూనెలో ఇవి పేరుకుంటాయి. పెద్ద ఓడలు దశాబ్దాల పాటు కాల్చింది ఆ నూనెనే. అందుకే ఏ దేశపు రేవులో కొలిచినా గాలిలో వెనేడియం కనిపిస్తే ఓడలన్నారు. నికెల్‌కు మూడింతల వెనేడియం ఉంటే మరీ ధీమాగా అన్నారు.

2020 జనవరి 1న ఆ ధీమా పోయింది. ఓడల నూనెలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించాలని అంతర్జాతీయ సముద్ర సంస్థ నిబంధన అమల్లోకి వచ్చింది. గంధకం తగ్గించిన నూనెల్లో వెనేడియం కూడా బాగా తగ్గిపోయింది. నికెల్ అంతగా తగ్గలేదు. మూడింతల లెక్క చెదిరింది. ఇప్పుడు వెనేడియం తగ్గిందని చూసి ఓడల పొగ తగ్గిందనుకుంటే పొరపాటు. ఓడలు రాకపోకలు తగ్గించలేదు, వాటి చిరునామా మాత్రం చెరిగింది. పొగగొట్టంలోనే గంధకాన్ని కడిగేసే స్క్రబ్బర్ అమర్చుకున్న ఓడలైతే పాత నూనెనే కాలుస్తున్నాయి. కాబట్టి 2020 ముందు చేసిన అధ్యయనాన్ని, తర్వాత చేసినదాన్ని పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేదీని మర్చిపోకూడదు.

విశాఖలో ఓడల పక్కనే రిఫైనరీ కూడా ఉంది. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చింది. చమురు తాలూకు వెనేడియం, నికెల్ రెండు చోట్ల నుంచీ రావొచ్చు. వాటిని విడదీయడానికి లాంథనం, సీరియం అనే జంటని చూస్తారు. మట్టిలో సీరియానికి లాంథనం సగం ఉంటుంది. రిఫైనరీలో బరువు నూనెల్ని విరగ్గొట్టడానికి వాడే ఉత్ప్రేరకంలో లాంథనం కలుపుతారు కాబట్టి, దాని పొడి గాలిలో కలిస్తే లాంథనం సీరియాన్ని దాటిపోవచ్చు. చాలా ఊళ్లలో ఇది తిరుగులేని గుర్తు. ఇక్కడ మాత్రం జాగ్రత్త కావాలి. మన బీచ్ ఇసుకలోని మోనజైటు నిండా లాంథనం, సీరియం ఉంటాయి. మోనజైటులో నిష్పత్తి మట్టిలోలాగే సగం దగ్గర ఉంటుంది. కాబట్టి లాంథనం ఎంత ఉందని చూస్తే బోల్తా పడతాం, సీరియంతో దాని నిష్పత్తి చూస్తే గట్టున పడతాం.

ఆగిపోయిన ఫ్యాక్టరీలు, ఆగని లోహం

మింది దగ్గర జింకు స్మెల్టర్ 1970ల చివరి నుంచి 2012 దాకా నడిచింది. మూతపడి ఏళ్లు గడిచాయి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది. ఈ రెండూ ఆగాక గాలిలో జింకు, సీసం ఆ మూలాల నుంచి రాకూడదు కదా? లోహం కుళ్లదు, మండదు, వేరొకటిగా మారి మాయమైపోదు. అప్పట్లో నేల మీద వాలినది అక్కడే ఉంటుంది. లారీ చక్రం కిందనో, ఎండాకాలపు సుడిగాలికో మళ్లీ లేస్తుంది. ఇవాళ మన కాగితం మీద పడిన సీసంలో ఇరవై ఐదేళ్ల కిందటి స్కూటరు పొగ కూడా ఉండొచ్చు.

సీసానికి మాత్రం ఒక మేలు ఉంది. ఒకే లోహంలో బరువు తేడా ఉన్న పరమాణువుల్ని ఐసోటోపులంటారు, ఏ గని సీసానికి ఆ గని ఐసోటోపుల పాళ్లు ఉంటాయి. 206, 207 రకాల సీసం నిష్పత్తి చూసి ఇది ఏ ఖనిజం తాలూకుదో, బొగ్గుదో, పాత పెట్రోలుదో చాలావరకు చెప్పొచ్చు. ఇనుముకీ జింకుకీ అంత స్పష్టమైన ముద్ర దొరకదు. ఆ పరికరం ఖరీదైనది, నమూనాలు ఓపిగ్గా శుద్ధి చేయాలి. అందుకే మన దగ్గర ఈ పని పరిశోధనశాలలు దాటి కాలుష్య నియంత్రణ రోజువారీ పనిలోకి రాలేదు.

గాలి తిరిగినప్పుడు

అమ్మమ్మ మాటకి వస్తాను. విశాఖకు ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ, దాని కొసన డాల్ఫిన్స్ నోస్. తూర్పున సముద్రం. మధ్యలో గిన్నెలాంటి పల్లం. ఆ గిన్నెలోనే పోర్టు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, పాత ఊరు, రైల్వే యార్డు ఉన్నాయి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, అంటే గాజువాక, పరవాడ వైపు నుంచి ఊళ్లోకి. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్యపు గాలి. ఆ నెలల్లోనే ఉత్తరాది మైదానాల పొగ బంగాళాఖాతం మీదికి దిగుతుంది. 1999లో హిందూ మహాసముద్రం మీద జరిపిన ఇండోఎక్స్ పరిశీలనల్లో, తర్వాత ఇస్రో జరిపిన ఐకార్బ్ యాత్రల్లో సముద్రం మీద వందల కిలోమీటర్ల దూరం దాకా ఉపఖండపు ధూళిని కొలిచారు. కాబట్టి డిసెంబరులో విశాఖ కాగితం మీద పడిన సీసమంతా విశాఖది కాదు.

ఇది రుతువుల లెక్క. దీని మీద రోజువారీ లెక్క ఇంకొకటి ఉంది. పగలు నేల వేడెక్కి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. రాత్రి నేల చల్లారి గాలి సముద్రం వైపు తిరుగుతుంది. చలికాలం రాత్రుళ్లు ఆ గాలి మరీ మెల్లగా ఉంటుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, గిన్నెలో పొగ గిన్నెలోనే నిలిచిపోతుంది. రాత్రి సముద్రం మీదికి పోయిందనుకున్న ధూళిలో కొంత మర్నాడు సముద్రపు గాలితో తిరిగి ఊళ్లోకే వస్తుంది. సముద్రం మీద నుంచి వచ్చే గాలి స్వచ్ఛమైనదనే మన నమ్మకం తీరపు పరిశ్రమల ఊళ్లలో అన్నివేళలా నిజం కాదు.

ఎత్తైన పొగగొట్టాల విషయంలో ఇంకో వింత జరుగుతుంది. తీరంలో గొట్టం వదిలిన పొగ చల్లటి సముద్రపు గాలిలో చెదరకుండా పైనే సాగుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ నేల వేడికి కలగలిసే గాలి పొర మందం పెరుగుతూ ఉంటుంది. కొన్ని కిలోమీటర్ల దూరాన ఆ పొర పొగని అందుకుని ఒక్కసారిగా కిందికి లాగేస్తుంది. గొట్టం పక్కనున్న బస్తీ కన్నా దూరాన ఉన్న కాలనీకి మధ్యాహ్నం ఆర్సెనిక్ ఎక్కువ తగలొచ్చు. కొలిచే యంత్రాన్ని ఫ్యాక్టరీ గోడ పక్కనే పెట్టి "అంతా హద్దుల్లోనే ఉంది" అంటే, ఆ కొలత నిజమే అయినా సగమే చెప్పినట్టు.

ఇప్పుడు మన అలవాటు చూడండి. నమూనా కాగితాన్ని 24 గంటలు ఉంచుతారు. కొన్నిచోట్ల ఎనిమిది గంటలకొక కాగితం మార్చినా చివరికి లెక్క రోజు సగటుగానే కడతారు. పగటి సముద్రపు గాలీ, రాత్రి నేల గాలీ ఒకే అంకెలో కలిసిపోతాయి. దిక్కు తెలుసుకోవడానికి ప్రకృతి ఉచితంగా ఇచ్చిన ఆనవాలుని మనమే చెరిపేసుకుంటున్నాం. గాలి తిరిగే వేళకి కాగితం మార్చి, పగటిది వేరుగా, రాత్రిది వేరుగా విశ్లేషిస్తే తీర నగరాల్లో ఎన్నో అనుమానాలు తీరతాయి. దీనికి కొత్త యంత్రం కూడా అక్కర్లేదు.

విస్తళ్లు చూసి వంటశాల చెప్పడం

ఒకే లోహం నాలుగు చోట్ల నుంచి వస్తుంటే వాటాలెలా పంచుతారు? పెళ్లి బంతిలో వంద విస్తళ్లు చూశారనుకోండి. వంటశాలలోకి తొంగిచూడనివ్వలేదు. ఒక్కో విస్తట్లో ఉప్పు, పులుపు, కారం, తీపి ఎంతెంత ఉన్నాయో మాత్రం కొలవనిచ్చారు. పులుపు పెరిగినచోటల్లా ఇంగువ పెరిగితే అది ఒక గుండిగ, బహుశా పులుసు. తీపితో పాటు నెయ్యి పెరిగితే ఇంకో గుండిగ. వంద విస్తళ్ల తేడాలు బట్టి లోపల ఎన్ని గుండిగలున్నాయో, ఎవరి విస్తట్లో ఏది ఎంత పడిందో లెక్క కట్టొచ్చు. కాగితాల మీది లోహాలతో కంప్యూటరు చేసేది ఇదే. పాజిటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్ అన్నది ఇందులో ఎక్కువ వాడే పద్ధతి.

ఈ పద్ధతి గుండిగలు చూపిస్తుంది, వాటికి పేర్లు పెట్టదు. పేరు పెట్టేది మనిషి. ఇనుము, మాంగనీసు, జింకు కలిసిన గుండిగకి ఒకరు "ఉక్కు పరిశ్రమ" అని, ఇంకొకరు "రోడ్డు దుమ్ము" అని రాయొచ్చు. పక్కపక్కనే ఉండి ఒకే గాలికి ఒకేసారి వచ్చే రెండు మూలాలు ఒకే గుండిగగా కనిపిస్తాయి. పోర్టూ రిఫైనరీ ఆనుకుని ఉన్న చోట ఇది తప్పదు. అందుకే ఏదైనా నివేదికలో "రోడ్డు దుమ్ము ఇంత శాతం" అని చదివినప్పుడు, ఆ దుమ్ములో ఏయే లోహాలు ఉన్నాయని పట్టిక వెతుక్కుంటాను. రోడ్డు దుమ్ము అనేది మూలం కాదు, మజిలీ. ఖనిజం, బూడిద, పాత సీసం, బ్రేకు పొడి అన్నీ రోడ్డు మీద వాలి, అక్కడి నుంచి మళ్లీ లేస్తాయి.

ఈ పేరు మీదే డబ్బు కదులుతుంది కాబట్టి నాకు ఇంత పట్టింపు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో విశాఖను తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో పెట్టింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలోనూ విశాఖ ఉంది. ఆ కార్యక్రమం కింద దేశమంతటా ఎక్కువ ఖర్చు రోడ్లు ఊడ్చే యంత్రాలకీ, నీళ్లు చల్లే బళ్లకీ పోయింది. వాటితో పీఎం 10 తూకం తగ్గుతుంది, అది మంచిదే. కానీ రోడ్డు ఊడిస్తే పొగగొట్టం నుంచి సన్నగా వచ్చే ఆర్సెనిక్ తగ్గదు. తూకం దిగిందని సంతోషించే ఏడాదే విషం పెరగొచ్చు.

ఫోన్‌లో మనం చూసుకునే గాలి నాణ్యత సూచీ, అదే ఏక్యూఐ, కూడా ఈ సంగతి చెప్పదు. మన దేశపు సూచీలో సీసం పేరు ఉంది గానీ, దాన్ని అప్పటికప్పుడు కొలవలేం కాబట్టి రోజువారీ అంకెలో అది చేరదు. ప్రమాణాల్లో ఉన్న నికెల్, ఆర్సెనిక్ సూచీలోనే లేవు. వెనేడియం, మాంగనీసు, క్రోమియం, కాడ్మియం, జింకులకు మన గాలి ప్రమాణాల్లో హద్దే లేదు. మాంగనీసుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ఏడాది సగటు 0.15 మైక్రోగ్రాములని సూచించింది. మాంగనీసు కోసమే పుట్టిన పోర్టు పక్కన బతికే వాళ్లకి ఆ ఒక్క అంకె అయినా నెలనెలా ఎక్కడో ఒక బోర్డు మీద కనిపించాలి.

చివరిగా ఒకటి. ఎంత లోహం ఉందన్నదాని కన్నా అది ఏ రూపంలో ఉందన్నది ఒంటికి ముఖ్యం. ఖనిజం పొడిలోని ఇనుము ఆక్సైడు, నీళ్లలో దాదాపు కరగదు. పొగలో ఆమ్లాలతో కలిసిన ఇనుము, నికెల్, రాగి సల్ఫేట్లుగా మారి తేలిగ్గా కరుగుతాయి. ఊపిరితిత్తుల తడిలో చురుగ్గా పనిచేసి కణాలను దెబ్బతీసేవి ఇవే. ఖనిజం గుట్ట నుంచి వచ్చిన వెయ్యి నానోగ్రాముల కన్నా, పొగలోంచి వచ్చిన వంద ఎక్కువ చెడు చేయొచ్చు. క్రోమియం మూడో రకమైతే అంత ప్రమాదం లేదు, ఆరో రకం క్యాన్సర్ తెస్తుంది, కాగితం మీద మొత్తం క్రోమియం అని ఒకే అంకె వేస్తే రెండూ ఒకటే అయిపోతాయి. సముద్రానికీ ఇదే వర్తిస్తుంది. బంగాళాఖాతం మీద వాలిన కరిగే ఇనుము నీటిలోని సూక్ష్మ మొక్కలకు ఎరువు, కరిగే రాగి వాటికే విషం.

అమ్మమ్మ లేదు. ఆ డాబా ఉంది. పోయిన చలికాలం వెళ్లినప్పుడు పిట్టగోడ మీద ఒక తెల్ల గుడ్డ ముక్క పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరిచాను, ఇంకొకటి సాయంత్రం నుంచి తెల్లారేదాకా. పగటి గుడ్డ బూడిదరంగు తేలింది. రాత్రి గుడ్డ నల్లబడింది. రెండిటినీ వేరు వేరు కవర్లలో పెట్టి, తేదీ, వేళ, గాలి దిక్కు రాసి ఉంచాను.